విందు గది నేల మీద ఓడిపోయినవాళ్ళు
(కింది చూపు చరిత్ర – 14)



ఈసారి ఒక నేల గురించి మాట్లాడుకుందాం. దున్నే నేల కాదు, దొర ఇంట్లో కాళ్ళ కింద పరిచిన నేల.

ఇటలీ కింద సిసిలీ ద్వీపం ఉంది. దాని నడిమధ్యలో, పియాజ్జా అర్మెరీనా అనే ఊరికి దగ్గర్లో, 4వ శతాబ్దం మొదట్లో కట్టిన ఒక పెద్ద భవనం శిథిలాలు ఉన్నాయి. పేరు విల్లా రొమానా దెల్ కసాలె. పుస్తకాల్లో విల్లా అంటారు గానీ, మన భాషలో దానికి సరైన మాట గడి. చుట్టూ వేల ఎకరాలు, మధ్యలో దొర గడి. మధ్యయుగంలో కొండ మీంచి జారిన మట్టి కింద పూడిపోయింది. 1950ల్లో జెంతీలి అనే పురావస్తు శాస్త్రవేత్త పెద్ద ఎత్తున తవ్వించాడు. 1997లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. కట్టించిన దొర ఎవరు, చక్రవర్తా, సెనేటరా అన్న వాదం చాలాకాలం నడిచింది.

ప్రపంచం ఆ గడికి వెళ్ళేది గోడల కోసం కాదు, నేల కోసం. దాదాపు 3,500 చదరపు మీటర్ల మొజాయిక్. మన లెక్కలో దగ్గర దగ్గర 35 గుంటలు. అంత మేర నేలంతా బొమ్మలే.

మొజాయిక్ అనగానే ఒకప్పుడు మన ఇళ్ళల్లో వేయించిన గచ్చు గుర్తొస్తుంది. సిమెంటులో రంగురాళ్ళ చిప్స్ కలిపి పోసి, మిషన్‌తో పాలిష్ పట్టేది. రోమన్లది అలా పోసేది కాదు. గోరంత రాతిముక్కలు, రంగు రంగులవి, ఒక్కొక్కటీ చేత్తో పేర్చేది. ఒక మనిషి కన్ను తేలాలంటే పదుల ముక్కలు కావాలి. 35 గుంటలు అలా పేర్చారు.

ఈ గడిలో ఒక విందు గది ఉంది. మూడు వైపులా అర్ధచంద్రాకారపు అరలు. దొర, అతిథులు అక్కడ వాలుగా పడుకుని తినేవాళ్ళు. రోమన్ పెద్దల అలవాటు అది. వాళ్ళ చూపు పడే నేల మీద ఏముంది?

మధ్యలో హెర్క్యులిస్ పన్నెండు సాహసాలు. అయితే ఆ నేల నిండా పరుచుకుని కనిపించేది వీరుడు కాదు, వీరుడి చేతిలో దెబ్బతిన్నవాళ్ళు, జంతువులు. తూర్పు వైపు అరలో రాక్షసులు ఉన్నారు. భారీ శరీరాలు, పాముల్లా మెలికలు తిరిగే కాళ్ళు. ఒళ్ళంతా బాణాలు. ఒకడు బాణం పీక్కోవాలని చూస్తున్నాడు. ఇంకొకడు ఒరిగిపోతున్నాడు. ముఖాల్లో నొప్పి. కొట్టినవాడు ఆ బొమ్మలో లేడు. చస్తున్నవాళ్ళే ఉన్నారు.

కళాచరిత్రకారులు దీన్ని గొప్ప పని అంటారు. నిజమే, గొప్ప పనే. నొప్పిని రాయితో అంత బాగా చూపించిన పనితనం అరుదు. నా ప్రశ్న వేరు. తినే చోట, తాగే చోట, కాళ్ళ కింద, చస్తున్నవాళ్ళ ముఖాలు ఎందుకు?

ముందు ఆ రాక్షసులు ఎవరో చూద్దాం. గ్రీకు పురాణంలో వాళ్ళు గియా కొడుకులు. గియా అంటే భూమి. భూమి కొడుకులు పైనున్న దేవతల మీద తిరగబడ్డారు. దేవతలు ఒంటరిగా గెలవలేకపోయారు. ఒక మనిషి సాయం కావాలని జోస్యం. ఆ మనిషి హెర్క్యులిస్. విషం పూసిన బాణాలతో భూమి కొడుకులను చంపి పెట్టాడు. కథ అయిపోయింది. దేవతలు పైనే ఉన్నారు, భూమి కొడుకులు భూమిలో కలిశారు.

మనకు ఈ కథ కొత్తగా ఉందా? లేదు. వామనుడు బలి చక్రవర్తి నెత్తిన కాలు పెట్టి పాతాళానికి తొక్కిన కథ విన్నాం. దీపావళికి నరకాసురుడి బొమ్మ తగలబెట్టడం చూశాం. 1873లో మహాత్మా జోతిబా ఫూలే 'గులాంగిరి' రాసి ఈ కథలను తిరగేసి చదవడం నేర్పాడు. దశావతారాల కథలు బయటి నుంచి వచ్చినవాళ్ళు ఇక్కడివాళ్ళను ఓడించిన కథలనీ, బలి మంచి రాజనీ అన్నాడు. ఆ పుస్తకాన్ని అంకితం ఇచ్చింది ఎవరికో తెలుసు కదా, నల్లవాళ్ళ బానిసత్వాన్ని రద్దు చేయడానికి పాటుపడిన అమెరికా ప్రజలకు. బానిసత్వం చరిత్రనూ, కులం చరిత్రనూ పక్కపక్కన పెట్టి చదవాలని మనకు మొదట చెప్పినవాళ్ళలో ఆయన ఒకడు.

గ్రీకు రాక్షసులూ మన అసురులూ ఒకటేనని నేను చెప్పడం లేదు. దేశాలు వేరు, కాలాలు వేరు, కథలు పుట్టిన తీరు వేరు. నేను చెప్పేది చదివే పద్ధతి గురించి. రాక్షసుడు అనే మాట కనిపించిన ప్రతిచోటా ఆగి, ఆ పేరు పెట్టింది ఎవరు అని అడగాలి.

అదే గడిలో ఇంకో గదికి వెళ్ళే దారిలో ఇంకో బొమ్మ ఉంది. గుహలో పాలిఫీమస్ కూర్చుని ఉన్నాడు. మామూలుగా కథలో ఒంటికన్ను వాడు, ఇక్కడ మాత్రం మూడు కళ్ళు పెట్టారు. ఎదురుగా యులిసిస్ ద్రాక్షసారా గిన్నె చాపుతున్నాడు. తాగించి, నిద్రపోయాక కన్ను పొడవడానికి. పాలిఫీమస్ గొర్రెలు కాచుకునేవాడు. పాతకాలం గ్రీకులు, రోమన్లు ఈ కథ జరిగింది సిసిలీలోనే, ఎట్నా అగ్నిపర్వతం దగ్గరే అని నమ్మేవాళ్ళు. వాడు మనుషుల్ని తిన్నాడని కథ. కానీ కథ చెప్పింది ఓడలో వచ్చినవాడి తరఫువాళ్ళు. గొర్రెలు కాచుకునేవాడు చెప్పిన కథ మన దాకా రాలేదు.

ఇప్పుడు పురాణం పక్కన పెట్టి అసలు చరిత్రకు వద్దాం. ఈ గడి ఉన్న చోటు నుంచి ఉత్తరానికి పాతిక కిలోమీటర్ల లోపే ఎన్నా అనే కొండ పట్టణం ఉంది. గడి కట్టడానికి నాలుగు వందల ఏళ్ళకు పైగా ముందు, అక్కడ నిజమైన భూమి కొడుకులు తిరగబడ్డారు.

క్రీస్తుపూర్వం 2వ శతాబ్దం. రోము యుద్ధాలు గెలుస్తోంది. ఓడిన దేశాల మనుషులను ఓడల్లో తెచ్చి సిసిలీలో అమ్ముతున్నారు. వాళ్ళ ఒంటి మీద వాతలు పెట్టి గోధుమ పొలాల్లోకి, పశువుల వెంటా తోలుతున్నారు. ఎన్నాలో డమోఫిలస్ అనే దొర ఉండేవాడు. ఒకసారి ఒంటి మీద బట్టల్లేని బానిసలు వచ్చి బట్టలు అడిగారు. దారిన పోయేవాళ్ళు బట్టలు లేకుండా పోతున్నారా, వాళ్ళ దగ్గర తీసుకోలేరా అన్నాడు. తర్వాత స్తంభాలకు కట్టించి కొట్టించి పంపాడు. ఇది రాసింది డయొడోరస్ అనే చరిత్రకారుడు. ఆయనదీ ఆ చుట్టుపక్కల ఊరే. ఆయన రాతలో ఈ భాగం ఇప్పుడు తర్వాతివాళ్ళు ఎత్తి రాసుకున్న ముక్కలుగానే మిగిలింది. బానిసలు స్వయంగా రాసుకున్న చరిత్ర ఒక్క వాక్యం కూడా లేదు. ఉన్న ముక్కల్లోంచే మనవాళ్ళను వెతుక్కోవాలి.

అదే ఎన్నాలో ఇంకో దొర దగ్గర యూనస్ అనే బానిస ఉన్నాడు. సిరియా దేశపు అపామియా నుంచి వచ్చినవాడు. దేవత కలలో కనపడిందనీ, తాను రాజునవుతాననీ చెప్పేవాడు. దొరకు అది తమాషా. విందులకు యూనస్‌ను పిలిపించి, నువ్వు రాజువైతే ఇక్కడున్న ఒక్కొక్కరినీ ఏం చేస్తావో చెప్పు అని అడిగించేవాడు. యూనస్ బెరుకు లేకుండా చెప్పేవాడు. అతిథులు పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళు. కొందరు తమ పళ్ళెంలోంచి మంచి మాంసం ముక్క తీసిచ్చి, రాజయ్యాక మా మేలు మర్చిపోకురోయ్ అనేవాళ్ళు.

క్రీస్తుపూర్వం 135 ప్రాంతంలో డమోఫిలస్ బానిసలు యూనస్‌ను ముందు పెట్టుకుని లేచారు. నాలుగు వందల మంది ఎన్నా పట్టణంలోకి దిగారు. యూనస్ రాజయ్యాడు. ఆంటియోకస్ అని పేరు మార్చుకున్నాడు. క్లియాన్ అనే ఇంకో బానిస నాయకుడు తన మనుషులతో వచ్చి కలిశాడు. డయొడోరస్ లెక్కలో చివరికి రెండు లక్షల మంది అయ్యారు. మూడేళ్ళు రోమన్ సైన్యాలను ఒకదాని తర్వాత ఒకటి ఓడించారు.

ఇక్కడ మూడు సంగతులు గుర్తుపెట్టుకోండి. డమోఫిలస్‌నూ, దాసీలను చిత్రహింసలు పెట్టిన అతని భార్య మెగల్లిస్‌నూ చంపారు. కానీ బానిసల మీద జాలి చూపిన వాళ్ళ కూతురిని మాత్రం ముట్టుకోలేదు. కాపలా ఇచ్చి, కటానాలోని బంధువుల ఇంటికి క్షేమంగా చేర్చారు. విందులో యూనస్‌కు మాంసం ముక్క ఇచ్చిన అతిథులను కూడా ప్రాణాలతో వదిలేశారు. ఇక మూడోది, తిరగబడ్డవాళ్ళు పొలాల్లో ఇళ్ళూ పంటా తగలబెట్టకుండా ముందుచూపుతో కాపాడారు. బానిసల పట్ల ప్రేమ లేని చరిత్రకారుడే ఇవి రాశాడు. బానిసలు చేసింది పుట్టుకతో వచ్చిన క్రూరత్వం వల్ల కాదనీ, తమకు జరిగినదానికి బదులు అనీ ఆయనే ఒప్పుకున్నాడు.

క్రీస్తుపూర్వం 132లో రోము గెలిచింది. టారోమేనియం ముట్టడిలో లోపలివాళ్ళను ఆకలికి మాడ్చి పట్టుకున్నారు. దొరికినవాళ్ళను చిత్రహింసలు పెట్టి కొండ మీంచి తోసేశారు. యూనస్ మోర్గంతీనా జైల్లో, ఒళ్ళు పుళ్ళు పడి చచ్చిపోయాడు. మోర్గంతీనా శిథిలాలు ఈ గడికి గట్టిగా పదిహేను కిలోమీటర్లు.

నాలుగు శతాబ్దాల తర్వాత గడి కట్టించిన దొరకు యూనస్ గుర్తున్నాడని నేను అనను. రాక్షసుల బొమ్మ సామ్రాజ్యం అంతటా దొరలకు ఇష్టమైన బొమ్మే. అదే నా మాట కూడా. ఒక ఊరి తిరుగుబాటును దాచిపెట్టాల్సిన అవసరం కూడా వాళ్ళకు లేదు. తిరగబడ్డవాడు అంటేనే పాము కాళ్ళవాడు, వాడి చావు అంటేనే అందమైన దృశ్యం, భోజనానికి తోడు అని కళ్ళకు అలవాటు చేశారు. యూనస్ బతికున్నప్పుడు విందులో నవ్వులాట. భూమి కొడుకుల చావు తర్వాతి విందుల్లో అలంకారం.

ఇక ఆ నేల వేసినవాళ్ళ సంగతి.

రోమన్ వాస్తు రచయిత విట్రూవియస్ నేల ఎలా వెయ్యాలో వివరంగా రాశాడు. అడుగున పిడికిలికి తగ్గని రాళ్ళు పరవాలి. దాని మీద కంకర, సున్నం కలిపి పోసి, పదేసి మంది జట్లు కర్ర దిమ్మిసలతో గట్టిపడేదాకా కొట్టాలి. దాని మీద ఇటుక పొడి మూడు పాళ్ళు, సున్నం ఒక పాలు. ఆ పైన రాతిముక్కలు. చివర్న అంచులు తగలకుండా రుద్దాలి. సున్నం కాల్చిన చేతులు, రాయి కొట్టిన చేతులు, దిమ్మిస కొట్టిన భుజాలు, రోజంతా మోకాళ్ళ మీద కూర్చుని ముక్కలు పేర్చిన వేళ్ళు. ఈ గడి మొజాయిక్ పనివాళ్ళు ఉత్తర ఆఫ్రికా నుంచి, కార్తేజ్ వైపు నుంచి వచ్చారని పరిశోధకుల్లో ఎక్కువమంది మాట. బొమ్మల తీరు అక్కడి నేలల తీరుతో కలుస్తుంది.

వాళ్ళకు కూలి ఎంత? 301లో డయొక్లీషియన్ చక్రవర్తి ధరల శాసనం వేశాడు. ఏ వస్తువుకు, ఏ పనికి ఎంతకు మించకూడదో రాళ్ళ మీద చెక్కించాడు. ఈ గడి కాలానికి దగ్గరి శాసనం. తిండి కాక రోజు కూలి ఇలా ఉంది: బొమ్మలు గీసే చిత్రకారుడికి 150 దినారియస్‌లు, గోడలకు రంగులు వేసేవాడికి 75, మొజాయిక్ పనివాడికి 60, నేలకు ముక్కలు పరిచేవాడికి 50. పొలం కూలికి 25. మురుగు కాలువలు శుభ్రం చేసేవాడికీ 25. ఒక పౌను పంది మాంసం ధర 12.

గీసేవాడికి 150, ఆ గీతను రాయిలో నిలబెట్టినవాడికి 60. చేతి పని ఎంత కిందికి వంగితే కూలి అంత కిందికి. అయినా ఒక తేడా గమనించండి. మురుగు తీసేవాడికీ, పొలం దున్నేవాడికీ ఆ శాసనంలో ఒకటే కూలి. మనిషిని దోచుకున్నారు గానీ మురుగు తీసే పనిని ఒక పుట్టుకకు కట్టిపెట్టలేదు. మన దగ్గర చేతులతో పాకీ పని చేయించడం మీద 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం వచ్చాయి. ఇప్పటికీ మ్యాన్‌హోల్‌లోకి దిగేవాడి కులం ఏమిటో ఎవరూ అడిగి తెలుసుకోనక్కర్లేదు.

అలాగని రోమును పొగిడే పని లేదు. ఆ గడిలోనే 60 మీటర్ల పొడవు వసారా ఒకటి ఉంది. దాని నేలంతా వేట బొమ్మ. పులులు, సింహాలు, ఏనుగులు, ఉష్ట్రపక్షులను పట్టి, పెట్టెల్లో పెట్టి, ఓడలెక్కిస్తున్నారు. రోములో జనం చూస్తుండగా చంపడానికి. అందులో పెట్టెలు మోసే పనివాళ్ళు ఉన్నారు, ఒక పనివాణ్ణి పైవాడు కొడుతున్న దృశ్యం కూడా ఉంది. దొర దాన్ని దాచలేదు. రోజూ దాని మీద నడిచాడు. సిగ్గుపడాల్సిన విషయమని అనిపించి ఉంటే నేల మీద వేయించేవాడా?

ఆ వసారా దక్షిణం కొసన ఒక ముదురు రంగు స్త్రీ కూర్చుని ఉంది. చేతిలో ఏనుగు దంతం, ఒక పక్క ఏనుగు, ఇంకో పక్క పులి. ఆమె ఒక దేశానికి గుర్తు. కొందరు పండితులు ఇండియా అంటారు, కొందరు ఇథియోపియా, కొందరు అరేబియా అంటారు. రోమన్ గడిలో భారతమాత అని మురిసిపోయేవాళ్ళు మనలో ఉంటారు. ఆమె ఎవరైనా, అక్కడ ఉన్నది గౌరవం కోసం కాదు. జంతువులు, దంతాలు ఎక్కడ దొరుకుతాయో చెప్పే గుర్తుగా ఉంది. దేశం అంటే వాళ్ళకు సరుకు.

ఇక పొలాల్లో? 4వ శతాబ్దం నాటికి బానిసలతో పాటు కొలోనస్‌లనే కౌలు రైతులు ఉన్నారు. పేరుకు స్వతంత్రులు. 332లో కాన్‌స్టంటీన్ చక్రవర్తి చట్టం చేశాడు: పారిపోవాలని చూసే కొలోనస్‌ను బానిసలా గొలుసులతో కట్టవచ్చు. రొట్టెలు కాల్చేవాడి కొడుకు ఆ పని వదలకూడదని కూడా ఆ కాలపు చట్టాలు వచ్చాయి. వెట్టి అంటే ఏమిటో తెలిసిన తెలంగాణ పల్లెకు, పాలేరు అంటే ఏమిటో తెలిసిన కోస్తా పల్లెకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. మన దగ్గర వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది 1976లో.

బాబాసాహెబ్ అంబేడ్కర్ ఈ పోలికను చాలా లోతుగా చేశాడు. బానిసలూ అంటరానివాళ్ళూ అనే విషయం మీద ఆయన రాసినవి ఆయన పోయాక రచనల సంపుటాల్లో అచ్చయ్యాయి. రోమన్ బానిసత్వం మీద బారో రాసిన పుస్తకాన్ని దగ్గర పెట్టుకుని రాశాడు. రోములో బానిసల్లో వైద్యులు, లేఖకులు, గ్రంథాలయాలు చూసేవాళ్ళు, చదువు చెప్పేవాళ్ళు ఉన్నారని చూపించాడు. బానిసత్వం మంచిదని ఆయన అనలేదు. బానిసను విడుదల చేయడానికి చట్టం ఒప్పుకుంది, అంటరానితనానికి ఆ తలుపే లేదన్నాడు. బానిసకు తాను బానిసనని తెలుసు. ఆ తెలియడమే తిరుగుబాటుకు మొదటి మెట్టు. అంటరానితనం ఆ తెలివిని కూడా కప్పేస్తుంది, నీ కర్మ అని చెప్పి.

ఈ వెలుగులో మళ్ళీ ఆ విందు గదిలోకి చూడండి. వండింది బానిస. వడ్డించింది బానిస. అతిథి కాళ్ళు కడిగింది బానిస. రాక్షసుల ముఖాల మీద పడిన సారా తుడిచింది బానిస. దొర బానిస చేతి తిండి తిన్నాడు, బానిస తాకిన గిన్నెలో తాగాడు. క్రూరత్వం ఉంది, మైల లేదు. మన ఊళ్ళో దొర ఇంటికి రాయి మోసి, సున్నం కలిపి, నేల చదును చేసిన మాల మాదిగలు గృహప్రవేశం నాటి నుంచి ఆ నేల మీద అడుగు పెట్టకూడదు. రోమన్ బానిస తాను వేసిన నేల మీద తల వంచి నడిచాడు. మనవాళ్ళకు తాము వేసిన నేల మీద తల వంచి నడిచే హక్కు కూడా లేదు. ఏది తక్కువ క్రూరం అని తూకం వేయడానికి ఈ పోలిక కాదు. మన శత్రువు ఏ రకమో గుర్తుపట్టడానికి.

చివరగా యూనస్ దగ్గరికి ఒక్కసారి వెళ్దాం. ఉద్యమాల్లో ఉన్న మిత్రులు ఈ భాగం జాగ్రత్తగా చదవండి. యూనస్‌ను రోమన్లు ఒక గుహలో పట్టుకున్నారు. ఆ సమయంలో అతని వెంట నలుగురే ఉన్నారని డయొడోరస్ రాశాడు. ఒకడు వంటవాడు, ఒకడు రొట్టెలు చేసేవాడు, ఒకడు స్నానానికి ఒళ్ళు రుద్దేవాడు, ఇంకొకడు తాగేటప్పుడు నవ్వించేవాడు.

దొరల చరిత్రకారుడు ఎగతాళిగా రాసి ఉండొచ్చు. ఓడినవాడి మీద ఇలాంటివి రాయడం మామూలే. కానీ నిజమే అయితే? విందులో నవ్వులాటగా బతికినవాడు రాజయ్యాక తన విందుకు ఒక నవ్వించేవాణ్ణి పెట్టుకున్నాడు. దొర పీట మారింది, విందు గది మారలేదు.

ఈ ప్రశ్న యూనస్ ఒక్కడిది కాదు. మన సంఘాల్లో, మన పార్టీల్లో, మన హాస్టల్ కమిటీల్లో కూడా ఉంది. నాయకుడు కూర్చున్నాక టీ గ్లాసులు కడిగేది ఎవరు? మీటింగ్ అయ్యాక చాపలు చుట్టేది ఎవరు? మహిళా కార్యకర్తలు, కొత్తగా వచ్చిన పిల్లలు, మనకన్నా ఇంకా కిందున్న కులంవాళ్ళు అయితే, మనం ఏ గదిని గెలుచుకోవాలని కొట్లాడుతున్నామో ఆలోచించాలి. బాబాసాహెబ్ స్వేచ్ఛ, సమానత్వం పక్కనే సోదరత్వాన్ని కూడా పెట్టింది ఇందుకే.

విద్యార్థి మిత్రులకు ఒక మాట. మ్యూజియంలోనో, గుడిలోనో, కోటలోనో గొప్ప పని ఏదైనా చూసినప్పుడు మెచ్చుకోండి. అది మనలాంటి వాళ్ళ చేతి పనే కాబట్టి మనకే ఎక్కువ హక్కు ఉంది. మెచ్చుకున్నాక నాలుగు ప్రశ్నలు అడగండి. ఇందులో ఓడిపోయినవాడు ఎవరు? వాడికి రాక్షసుడని పేరు పెట్టింది ఎవరు? దీన్ని చేసినవాడికి కూలి ఎంత? చేశాక వాణ్ణి లోపలికి రానిచ్చారా?

ఆ నాలుగో ప్రశ్నకు జవాబు వెతికితే మన దేశపు చరిత్ర వేరేగా రాయాల్సి వస్తుంది. రాద్దాం.

వచ్చే భాగంలో సిసిలీలోనే జరిగిన రెండో బానిసల యుద్ధం గురించి.

జై భీమ్. జై ఫూలే.